నమూనా తలుపుకు అంటించిన సమన్లు

ఆమె వీధి మలుపు తిరిగితే సంతోషించేవాళ్ళు తక్కువ. వడ్రంగి వస్తే కుర్చీ కాలు కుదురుతుంది, ప్లంబరు వస్తే కుళాయి కారడం ఆగుతుంది, కోర్టు సమన్లు తెచ్చే మనిషి వస్తే ఉన్న నిద్ర కాస్తా ఊడుతుంది. అయినా ఆ చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆమె పిన్నే. తిట్టాల్సిన మనిషిని పట్టుకుని పిన్నీ అని వరస కలిపారంటే ఆ ఘనత ఆమె నోటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

పిన్ని ఏ గుమ్మంలోనూ ముందుగా కాగితం తీసేది కాదు. మొదట మంచినీళ్ళు అడిగేది. నీళ్ళిచ్చినవాళ్ళు మర్యాదకి కూర్చోమంటారు. కూర్చున్నాక మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టి, ఆ ఇంటి పిల్లవాడి చదువు మీదుగా, ఎదురింటివాళ్ళ కుక్క దాకా వెళ్ళి వచ్చేది. ఇంక లేస్తూ లేస్తూ సంచిలో చెయ్యి పెట్టి, "అన్నట్టు, ఇదొకటుంది నాయనా, ఇక్కడ సంతకం పెట్టు" అనేది. చాలామందికి తాము సమన్లు అందుకున్న సంగతి ఆమె వీధి చివరికి వెళ్ళాక గానీ తెలిసేది కాదు. కుక్కలు కరవలేదు, తలుపులు మొహాన పడలేదు. తక్కిన సమన్ల మనుషులు ఇదేం మంత్రమో అని తలలు పట్టుకునేవారు.

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో వీడియో వచ్చిపడింది.

దానికీ కారణముంది. కొందరు ప్రబుద్ధులు కోర్టుకొచ్చి, "నాకసలు కాగితమే అందలేదు" అని కళ్ళార్పకుండా చెప్పడం మొదలుపెట్టారు. ఇంకోపక్క, సమన్లు ఇచ్చేవాళ్ళలో ఒక మహానుభావుడు టీ దుకాణంలో కూర్చుని ఊరందరి సంతకాలూ తనే పెట్టేశాడు. ఈ రెండు పాపాలూ కలిసి పిన్ని మెడకు చుట్టుకున్నాయి. ఇకపైన తలుపు తట్టిన దగ్గర్నుంచి కాగితం చేతిలో పడేదాకా అంతా ఫోనులో వీడియో తీయాలి. ఇంటి నంబరు కనబడాలి, మనిషి మొహం కనబడాలి, మధ్యలో ఆపకూడదు, తర్వాత కత్తిరించకూడదు. మెడకు తగిలించుకునే తాడుతో సహా ఆఫీసువాళ్ళే ఫోనిచ్చారు.

మొదటివారం వీడియోలన్నీ సూపరింటెండెంటుగారు తన గదిలో పెద్ద తెర మీద వేసుకుని చూశారు. ఆయన మంచివాడే గానీ, చొక్కా గుండీల మధ్య దూరం సమానంగా లేకపోయినా బాధపడే రకం. ఒక వీడియోలో పిన్ని గడ్డం కనబడింది. రెండోదాంట్లో పిన్ని ముక్కు. మూడోదాంట్లో పిన్ని మంచినీళ్ళు తాగుతోంది, గుటక గుటకకీ గొంతు కదులుతోంది. చివరిదాకా చూసినా అంతే, ఫోను తీసిందంతా ఫోను పట్టుకున్న పిన్నినే. ఆయన పిన్నిని పిలిపించారు.

"ఎదుటి మనిషి ఏడీ?"

"ఎదురుగానే ఉన్నాడండీ."

"ఎవరికి ఎదురుగా?"

"నాకేనండీ."

"కెమెరాకి ఎదురుగా నువ్వున్నావు తల్లీ! అటు తిప్పే బొమ్మ నొక్కాలి, ఇదిగో, ఇది. ఇంకోమాట. మంచినీళ్ళు ఇంటి దగ్గరే తాగి రా. ఒక్కో వీడియో సినిమా అంత ఉంది, అంతసేపు చూడటం నావల్ల కాదు."

తలుపు అవతల గుమాస్తాలు కడుపుబ్బ నవ్వుకుంటున్నారు. వాళ్ళు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని ఆ వీడియోలే చూశారని, ఎదురింటి కుక్క కథ దగ్గర ఆపి మళ్ళీ వేయించుకున్నారని పిన్నికి తర్వాత తెలిసింది. సూపరింటెండెంటుగారు మాత్రం నవ్వలేదు. ఇంకొక్క వీడియో తప్పయితే వీధి పని మాన్పించి రికార్డు గదిలో వేస్తానన్నారు. పిన్నికి ఆ మాటే గుండెల్లో గుచ్చుకుంది. రికార్డు గదిలో ఉండేది రెండే, దుమ్మూ కాగితాలూ. దుమ్ముకి ఆమెకు తుమ్ములు, కాగితాలు ఎంత పలకరించినా పలకవు. మనుషులు లేనిచోట ఆమె ఒక పూట కూడా ఉండలేదు.

అందుకని పద్ధతి మార్చుకుంది. తలుపు తట్టడం, ఫోను ఎత్తడం, పేరడగడం, కాగితమివ్వడం, తిరిగి రావడం. పని చటుక్కున అయిపోయేది. కానీ జనం ముఖాలు మాడ్చుకునేవారు, తలుపులు ధడాల్న పడేవి. "ఏంటి పిన్నీ, పోలీసులాగా వస్తున్నావు?" అని ఒకావిడ నిష్ఠూరమాడింది. ఆ సాయంత్రం పిన్ని అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సరిగ్గా అప్పుడే తాళాల తాత కాగితం ఆమె సంచిలోకి వచ్చింది.

మార్కెట్ వీధిలో మూడంతస్తుల పాత భవనం ఒకటుంది. కింద దుకాణాలు, పైన ఇళ్ళు. దాని మెట్లకింద, పగలు కూడా దీపం వేసుకోవాల్సిన చోట, ఒక బల్ల వేసుకుని తాత తాళాలు బాగుచేసేవాడు, తాళంచెవులు కోసేవాడు. చుట్టుపక్కల ఎవరి తాళం మొరాయించినా తాత దగ్గరికే పరుగు. ఇప్పుడు భవనం యజమాని ఆ మెట్లకింద చోటు ఖాళీ చేయించమని దావా వేశాడు. లిఫ్టు పెట్టుకుంటాడట. తాతను ఫలానా రోజు కోర్టుకు రమ్మని సమన్లు. రాకపోతే ఆయన మాట వినకుండానే తీర్పు అయిపోతుంది, ఆ చోటు పోతుంది.

మొదటిసారి పిన్ని వెళ్ళేసరికి బల్లముందు తాత ఆకురాయితో ఏదో తాళంచెవిని రాస్తున్నాడు. కోర్టు సంచి చూశాడో లేదో, బల్ల వెనక వేలాడుతున్న గోనెపట్టా పక్కకి జరిగింది, తాత మాయమయ్యాడు. పట్టా పక్కనే గోడవార ఒక ఆకుపచ్చ తలుపుంది. పై నుంచి కింది దాకా తాళాలే తాళాలు. తాళాలవాడి తలుపుకి అన్ని తాళాలు ఉండటంలో వింతేముంది? తాత ఇందులోకే దూరి ఉంటాడనుకుని పిన్ని ఫోనెత్తి ఆ తలుపు తట్టింది.

"తాతా, లోపలున్నావా?"

"తాత లేడు," అంది లోపల్నుంచి తాత గొంతు.

"మరి నువ్వెవరు?"

"నేనూ లేను."

రెండోసారీ అంతే. ఈసారి ఉలుకూ పలుకూ కూడా లేదు. గొంతొక్కటీ పనికిరాదని సూపరింటెండెంటుగారు తేల్చేశారు. మనిషి దొరక్కపోతే సాక్షుల ముందు పైకి చదివి, తలుపుకి అంటించి, వీడియో తీసుకు రమ్మన్నారు. అలా చేస్తే అందినట్టే లెక్క.

మూడోసారి యజమాని తరఫు వకీలు గుమాస్తా తోడొచ్చాడు. మనిషి చురుకు, కాళ్ళకింద నిప్పులున్నట్టు నడుస్తాడు. అప్పుడు తాత ఎవరిదో బీరువా తెరవడానికి వెళ్ళాడు, ఆ సంగతి పిన్నికి తెలియదు. గుమాస్తా ఆకుపచ్చ తలుపు చూపించి, "ఇదే పిన్నీ, అంటించేయండి" అన్నాడు. పిన్ని ఎదుటి టీ దుకాణం ఆయన్ను సాక్షిగా పిలిచింది. భవనం నంబరు తీసింది, సాక్షుల మొహాలు తీసింది, తలుపు తీసింది. తలుపు పలక్కపోయినా ఆమె తన మర్యాద వదల్లేదు.

"అయ్యా, లోపలున్నారా? భయపడకండి, మీ మంచికే వచ్చాను. ఒక్కసారి తలుపు తీయండి. పోనీ తీయకపోయినా వినండి..."

అలా మూడుసార్లు బతిమాలి, సమన్లు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివి, నాలుగు మూలలా జిగురు రాసి అంటించింది. అంతా అయ్యాక ఫోను సంచిలో వేసుకుంటూ, "పాపం, చూసుకుని వస్తాడంటారా?" అని అడిగింది.

గుమాస్తా నవ్వాడు. "రాకపోతే మనకింకా మంచిది కదా పిన్నీ. ఒక్క వాయిదాలో తేలిపోతుంది."

ఆ నవ్వు పిన్నికి నచ్చలేదు. అయినా వీడియో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. సూపరింటెండెంటుగారు రెండుసార్లు చూసి, "ఇదీ వీడియో అంటే! అందరికీ ఇది చూపించాలి" అన్నారు. ఆయన నోటివెంట మెప్పు రాలడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. పిన్ని ఇంటికెళ్ళి ఈ మాట మొగుడికి మూడుసార్లు చెప్పింది.

ఆ తర్వాత, వాయిదాకి ముందురోజు పిన్ని వేరే వీధిలో పని చూసుకుని వస్తూ, కూడలి దగ్గర రోడ్డు దాటడానికి ఆగింది. పక్కనే ఒక తోపుడుబండి ఆగింది. దాని మీద పడుకోబెట్టిన ఆకుపచ్చ తలుపు, తలుపు నిండా తాళాలు, నడుమ నాలుగు మూలలా జిగురుతో గట్టిగా అంటుకున్న కోర్టు కాగితం.

పిన్ని బండికి అడ్డంగా నిలబడింది.

"ఏమయ్యా, ఈ తలుపు ఎక్కడిది?"

"తాళాల తాత దగ్గరిది. కొత్తగా రొట్టెల దుకాణం పెడుతున్నావిడ కొన్నది. తాత దాదాపు ఊరికే ఇచ్చేశాడు, ఇవాళే పట్టుకుపొమ్మని ఒకటే తొందర," అన్నాడు బండివాడు.

"మరి ఆయన లోపలికి ఎలా వెళ్తాడు?"

"దేంట్లోకి? ఇది నమూనా తలుపమ్మా. ఏ తాళం ఎలా పడుతుందో వచ్చినవాళ్ళకి చూపించడానికి గోడకి ఆనించి పెట్టుకున్నాడు. వెనకంతా గోడే. ఆయన దూరేది గోనెపట్టా వెనక చిన్న తలుపులోంచి."

"ఈ కాగితమో?"

"ఏదో తాళాల ప్రకటన అనుకున్నా."

పిన్ని అలవాటుగా ఫోనెత్తి బండినీ, తలుపునీ, బండివాడినీ వీడియో తీసింది. అప్పుడు కూడా కెమెరా ఎటు తిరిగి ఉందో చూసుకుని మరీ తీసింది. ఆ తర్వాత అక్కడే ఒక అరుగు మీద కూలబడి, పాత వీడియో వేసి చూసుకుంది. తలుపు అంచు పక్కన ఇటుకలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ ఇటుకల ముందు నిలబడి, తను ఎంత వినయంగా, ఎంత ప్రేమగా, లోపలున్నారా అయ్యా అని మూడుసార్లు అడిగింది! గోడతో చెప్పుకున్నట్టు అంటారు కదా, ఆమె నిజంగానే చెప్పుకుంది. ముందు ఫక్కున నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే రేపటి వాయిదా గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. రేపు కోర్టులో ఆ చక్కని వీడియో చూపిస్తారు. అందినట్టే అంటారు. తాత ఉండడు. తాత మెట్లకింద చోటు పోతుంది. తప్పు తనది, ఊడేది తాత బతుకు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు చాపుకుని అంతా విన్నాడు. నమూనా తలుపు సంగతి దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు గానీ, భార్య మొహం చూసి సర్దుకున్నాడు.

"ఇప్పుడు చెప్తే ఏమవుతుంది?"

"నన్ను రికార్డు గదిలో వేస్తారు."

"చెప్పకపోతే?"

"తాత చోటు పోతుంది."

ఆయన లేచాడు. చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, ఆమె చేతిలో చిన్న పొట్లం పెట్టాడు.

"ఏంటిది?"

"తుమ్ములకి మాత్రలు. పొద్దున్నే వేసుకుని పో."

పిన్నికి ఆ క్షణాన మొగుడి మీద వచ్చినంత ప్రేమ పెళ్ళయిన కొత్తలో కూడా రాలేదు.

మర్నాడు సూపరింటెండెంటుగారు ఆమె చెప్పిందంతా విని తల పట్టుకున్నారు. "అంత బాగా తీశావే!" అన్నారు. ఆయన బాధ తలుపు గురించో వీడియో గురించో చెప్పడం కష్టం. కానీ దాచడం ఆయనకూ చేతకాదు. చొక్కా సవరించుకుని, పిన్నిని వెంటబెట్టుకుని కోర్టు హాలులోకి నడిచారు.

జడ్జిగారు రెండు వీడియోలూ చూశారు. మొదటిదాంట్లో పిన్ని తలుపును బతిమాలుతోంది. రెండోదాంట్లో ఆ తలుపు బండెక్కి ఊరేగుతోంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడిచారు. హాలులో ఎవరో దగ్గారు. ఆ దగ్గు దగ్గు కాదని అందరికీ తెలుసు.

యజమాని తరఫు వకీలు లేచాడు. "తలుపుకి అంటించమన్నారు, తలుపుకే అంటించారు. ఏ తలుపనేది..."

"తలుపంటే తీస్తే లోపలికి వెళ్ళగలగాలి కదండీ," అన్నారు జడ్జిగారు. "ఇది చెల్లదు. మళ్ళీ సమన్లు ఇవ్వండి. ఈసారి చేతికే ఇవ్వండి. వచ్చేవారానికి వాయిదా."

ఆఫీసు గదిలోకి వచ్చాక సూపరింటెండెంటుగారు అన్నారు, "ఈ కాగితం ఇచ్చి రా. ఇచ్చొచ్చాక రికార్డు గది. మాట మాటే." పిన్ని సరేనంది. వీధిలో అదే ఆఖరి కాగితం కావచ్చు. దాన్ని సంచిలో కాకుండా చేత్తోనే పట్టుకుని బయల్దేరింది.

మెట్లకింద తాత ఆమెను చూసిన వెంటనే మళ్ళీ మాయం. ఈసారి పిన్ని గోనెపట్టా ఎత్తింది. వెనక నడుమెత్తు చెక్కతలుపు, దానికి అరచేయంత కిటికీ. ఆమె తాత స్టూలు లాక్కుని, ఆ కిటికీకి ఎదురుగా తీరిగ్గా కూర్చుంది.

"తాత లేడు," అంది లోపల్నుంచి గొంతు.

"నాకు తెలుసు. నేను తాతతో మాట్లాడటానికి రాలేదు. లేని మనిషితోనే మాట్లాడదామని వచ్చాను. కాసిని మంచినీళ్ళుంటే ఇస్తారా?"

 మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నది నిజమే, కానీ దాహం అన్న మనిషికి నీళ్ళు లేవనేంత మొండితనం తాతకు లేదు. కిటికీ తెరుచుకుంది, ఒక గ్లాసు బయటికి వచ్చింది, చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది.

"కాగితం మాత్రం ముట్టుకోను అమ్మాయ్. ఇంతకుముందు పాత మార్కెట్లో ఉండేవాణ్ణి. ఒకడొచ్చి కాగితమిచ్చాడు. మర్యాదగా పుచ్చుకున్నాను. నెల తిరక్కుండా చోటు పోయింది. మొన్న కూడా ఎవరో నా నమూనా తలుపుకి ఏదో అంటించి పోయారు. ముట్టుకున్నాననుకున్నావా? దగ్గరికి కూడా పోలేదు. తలుపుతో సహా అమ్మి పారేశాను."

"కాగితం పుచ్చుకున్నావు సరే, పాత మార్కెట్ కేసులో కోర్టుకి వెళ్ళావా?"

"ఎందుకు వెళ్ళడం? పోయేది పోతుందిగా."

"వెళ్ళలేదు కాబట్టే పోయింది తాతా! కాగితం పుచ్చుకుంటే పోయేది కాదు అది, పుచ్చుకుని ఇంట్లో కూర్చుంటే పోతుంది. నీ మాట కూడా చెప్పుకో రమ్మని పిలుపు ఇది. పెళ్ళి పిలుపంత బాగుండదు, ఒప్పుకుంటాను, కానీ పిలుపే."

లోపల్నుంచి చెయ్యి మాత్రం బయటికి రాలేదు. తాత నమ్మలేదని పిన్నికి అర్థమైంది. ఆమెకు ఇంక చెప్పడానికి మాటలు మిగల్లేదు. ఒకరి గుమ్మంలో మాటలు దొరక్కపోవడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి. ఏం చేయాలో తోచక నిజం చెప్పేసింది.

"ఆ తలుపుకి అంటించింది నేనే."

"నువ్వా? దాని వెనక గోడ కదమ్మా?"

"నాకేం తెలుసు? చూస్తావా?"

ఫోను కిటికీ దగ్గర పెట్టి వీడియో వేసింది. చీకటి కిటికీలో రెండు కళ్ళు ప్రత్యక్షమయ్యాయి. ఫోనులోంచి పిన్ని గొంతు వినయంగా పలికింది: "అయ్యా, లోపలున్నారా? భయపడకండి, మీ మంచికే వచ్చాను..."

లోపల మొదట ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత చిన్న కిచకిచ. రెండోసారి పిన్ని తలుపును బతిమాలేసరికి చెక్కతలుపు మొత్తం ఊగడం మొదలుపెట్టింది. మూడోసారికి తలుపు దానంతటదే తెరుచుకుంది. తాత నేలమీద చతికిలబడి, గోడకు జారబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఇంకోసారి వెయ్యమ్మా. గోడని భయపడకండి అంటావేంటి అమ్మాయ్, అదెందుకు భయపడుతుంది!"

మళ్ళీ వేసింది. ఇద్దరూ నవ్వారు. మెట్లు దిగుతున్న ఇద్దరు ముగ్గురు ఆగి, ఏమిటో తెలియకుండానే నవ్వారు. నవ్వు తగ్గాక తాత చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు.

"ఇంత పని చేసి, మళ్ళీ నువ్వే వెళ్ళి తప్పయిందని చెప్పావా?"

"చెప్పాను. అందుకే నీకింకో వాయిదా దొరికింది."

"నీకేం దొరికింది?"

"రికార్డు గది."

తాత కాగితం కోసం చెయ్యి చాపాడు.

"ఆగు ఆగు!" పిన్ని ఉలిక్కిపడింది. "కెమెరా పెట్టలేదు. ఇది పాత వీడియో ఆడుతోంది. చెయ్యి వెనక్కి తీసుకో. మళ్ళీ చాపుదువుగాని."

తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వీడియో అనేసరికి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాడు. పిన్ని ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకుని నొక్కింది.

"మీరెవరో చెప్పండి."

"తాళాల తాతని. ఇదుగో నా బల్ల, ఇదుగో నా తలుపు, నిజం తలుపు. కాగితం నా చేత్తో పుచ్చుకుంటున్నాను." కాగితం తీసుకుని, కెమెరా వైపు తిరిగి అడిగాడు, "వస్తే నన్ను మాట్లాడనిస్తారా?"

"మాట్లాడనిస్తారు," అంది పిన్ని కెమెరా వెనకనుంచి.

ఆ మర్నాడే ఆమె రికార్డు గదికి మారింది. మాత్రలు వేసుకున్నా తుమ్ములు ఆగలేదు. అల్మారాల మధ్య కట్టలు దులుపుతూ, మొదటి రెండు రోజులు ఆమె మాట్లాడింది తనతో తానే. కానీ ఆ గది కోర్టు హాలుకి ఆనుకునే ఉంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి పిలిచే పిలుపులన్నీ అక్కడికి వినబడతాయి.

వాయిదా రోజున ఆమె చేతిలో కట్ట ఉండగా తాళాల తాతని పిలవడం వినబడింది.  బంట్రోతు రెండోసారి పిలవాల్సిన అవసరం రాలేదు.

"వచ్చానయ్యా, వచ్చాను. అంత గట్టిగా అరవక్కర్లేదు."

పిన్ని కట్ట అక్కడే పడేసి, దుమ్ము చేతులతోనే వెళ్ళి హాలులో వెనక నిలబడింది. తాత ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందు జేబులోంచి సమన్లు తీసి చూపించాడు. జడ్జిగారు తొందరపెట్టలేదు.

"లిఫ్టు వద్దని నేనెప్పుడన్నానండీ?" అని, వకీలు పక్కనున్న యజమానిని చూపిస్తూ మొదలుపెట్టాడు. "ఈ బాబుగారి అమ్మగారు మా పైనే ఉంటారు, మెట్లెక్కలేరు. కూరలకి వెళ్ళి వచ్చేటప్పుడల్లా నా స్టూలు మీదే కూర్చుని ఆయాసం తీర్చుకుంటారు. నేనే చెయ్యి పట్టుకుని మొదటి అంతస్తు దాకా ఎక్కించి వస్తాను. లిఫ్టు రావాలని ఈయన కన్నా ముందు నేననుకున్నాను. మెట్లకి అవతలివైపు మీటర్లు పెట్టిన చోటుంది, నా బల్లకి అది చాలు. జరగమంటే ఆ పూటే జరిగేవాణ్ణి. నన్నెవరూ అడగలేదండీ. కాగితాలు పంపారు."

 యజమాని తన వకీలు వైపు చూడలేదు. తాత వైపు చూశాడు.

"అమ్మ నీ దగ్గర కూర్చుంటుందా?"

"రోజూ కూర్చుంటారు బాబూ. మీకు చెప్పొద్దంటారు, కంగారుపడతారని."

యజమాని తల వంచుకున్నాడు. వకీలు ఏదో అనబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. జడ్జిగారు ఇద్దర్నీ కలిసి వెళ్ళి ఆ మీటర్ల చోటు చూసి రమ్మన్నారు. అది తేలేదాకా తాత బల్లను ఎవరూ కదపకూడదని రాయించారు.

పిన్ని వెనకే నిలబడి అంతా విన్నది. ఇన్నేళ్ళుగా ఎన్ని ఇళ్ళ తలుపులు తట్టిందో ఆమెకే తెలియదు. రండి, మీ మాట చెప్పుకోండి అని పిలిచే కాగితాలు అందరికీ ఇచ్చింది. తను కాగితం ఇచ్చిన మనిషి వచ్చి మాట్లాడటం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ వేళకి ఎప్పుడూ ఇంకో వీధిలో ఇంకో గుమ్మంలో ఉండేది. అన్నేళ్ళూ నమ్మకం మీదే ఇస్తూ వచ్చింది. ఇప్పుడు తాత మాట్లాడాడు, జడ్జిగారు విన్నారు, యజమాని కూడా విన్నాడు. ఆమెకు చెప్పలేనంత సంతోషం కలిగింది. తర్వాతి కేసులో పిలుపు వినబడి, గళ్ళ చొక్కా అబ్బాయి ఒకడు భయపడుతూ లేచి నిలబడ్డాడు. పోయిన నెల వాడికి కాగితమిచ్చింది తనే. పిన్ని రికార్డు గదికి వెళ్ళబోతూ ఆగి, వాడేం చెబుతాడో విందామని వెనక బెంచీ మీద కూర్చుంది.